నాలుగు సెకన్ల తోడల్లుళ్ళు

గడియారాలు బాగుచేసే మనిషికి ‘ఆలస్యం’ అని పేరు పెట్టాలంటే జనానికి ఎంత తీరిక ఉండాలి? ఆ వీధికి అంత తీరికా ఉంది. కొట్టు మీద నీలం బోర్డు ఉంది, తెల్లక్షరాలతో ‘కచ్చితమైన కాలానికి’ అని కూడా రాయించుకున్నాడు పాపం. అయినా దారి అడిగినవాళ్ళకి ఎవరైనా చెప్పేది ఒకటే: మందుల షాపు దాటాక రెండు మెట్లు దిగితే ఆలస్యం గారి కొట్టు. ‘గారు’ అనడం మాత్రం ఎవరూ మర్చిపోరు. వెక్కిరించినా మర్యాదగా వెక్కిరించే వీధి అది.

ఆయన పనితనానికి వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు. కొట్టు రెండు కుర్చీలు పట్టేంత ఉంటుంది. మరలు దొర్లి కిందపడకుండా బల్ల చుట్టూ సన్నటి చెక్క గట్టు కొట్టించుకున్నాడు. విప్పిన వాచీల మీద గాజు గిన్నెలు బోర్లించి ఉంటాయి. ఎవరైనా వాచీ తెచ్చిస్తే అందరిలా వెంటనే మూత విప్పడు. ముందు చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. అలా అరనిమిషం, నిమిషం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఆ తర్వాత లోపల ఏ చక్రం అరిగిందో, ఏ స్ప్రింగు అలిసిందో చెప్తాడు. విప్పి చూస్తే అదే అయి ఉంటుంది.

ఈ విద్యలో ఒక్కటే చిక్కు. వాచీ చెవి దగ్గరుంటే ఆయనకి లోకంలో ఇంకేదీ వినపడదు. ఎదురుగా కొంప అంటుకున్నా తెలియదని ఆయన భార్య అంటుంది. పెళ్ళయిన కొత్తలో, పొయ్యి మీద పాలున్నాయి చూస్తూండండి అని చెప్పి ఆవిడ పక్కింటికి వెళ్ళిందట. మాడు వాసనకి పక్కింటివాళ్ళూ ఆవిడా కలిసి పరిగెత్తుకొస్తే, ఈయన గోడగడియారం దించి ఒళ్ళో పెట్టుకుని, దానికి చెవి ఆనించి కూర్చుని ఉన్నాడు. గిన్నె పోయింది గానీ గడియారం బాగుపడింది. ఈ కథని ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ గర్వంగానే చెప్పేది.

ఆవిడకొక అక్క ఉంది. ఇద్దరూ ఒకే కంచంలో తిని, ఒకే దుప్పటి కప్పుకుని పెరిగినవాళ్ళు. అక్క ఒక బాక్సర్ని చేసుకుంది, చెల్లెలు వాచీలాయన్ని చేసుకుంది. ఎడబాటు భరించలేక ఒకే వీధిలో, ఆరు గుమ్మాల దూరంలో కాపురాలు పెట్టారు. తోడల్లుళ్ళంటే సాధారణంగా ఎవరి అత్తారింటి మర్యాద ఎక్కువో చూసుకుని మూతి ముడుచుకునే రకం. వీళ్ళిద్దరూ అలా కాదు. ఒకడు ఆరడుగుల మనిషి, కోపం వస్తే గోడలు అదిరేవి. రెండోవాడు నోట్లో నాలుక లేని మనిషి, స్క్రూడ్రైవరు పడినా ఉలిక్కిపడేవాడు. అయినా అన్నయ్యా అంటే తమ్ముడూ అనుకుంటూ తిరిగేవారు.

ఆరడుగుల ఆయన్ని అందరూ ఛాంపియన్ అనేవారు. ఐదేళ్ళలో ముప్పై ఏడు పోటీలు ఆడి ముప్పై ఏడూ గెలిచాడు. సాధన ఎక్కడనుకున్నారు? వాచీల కొట్టు వెనక ఉన్న చిన్న పెరట్లోనే. ఇసుక సంచి అక్కడే వేలాడేది. మూడు నిమిషాలు కొట్టు, ఒక నిమిషం ఆగు అని చెప్పేది తమ్ముడే. ఇద్దరికీ ఒక ఆట కూడా ఉండేది. ఛాంపియన్ కళ్ళు మూసుకుని నిలబడతాడు, తమ్ముడు స్టాప్‌వాచీ నొక్కుతాడు, సరిగ్గా మూడు నిమిషాలైందనిపించినప్పుడు ఛాంపియన్ చెయ్యెత్తాలి. మొదట్లో అరనిమిషం తేడా వచ్చేది. రెండేళ్ళకి ఒక్క సెకను కూడా తేడా రాకుండా పట్టేశాడు. పుట్టుకతో కండ బలం వచ్చింది గానీ కాలం సంగతి మాత్రం తమ్ముడే నేర్పాడని ఛాంపియన్ నలుగురిలో చెప్పుకునేవాడు.

బాక్సింగ్ సంఘం వాళ్ళు పోటీలకి సమయం చూసే పని కూడా ఆలస్యం గారికే అప్పగించారు. అప్పటికి ఆ పేరు లేదు లెండి. రింగు పక్కన చిన్న బల్ల, దాని మీద ఇత్తడి గంట, చేతిలో సంఘం వాళ్ళ పాత స్టాప్‌వాచీ. జీతం లేదు గానీ అందరికంటే ముందు కుర్చీ. సొంత తోడల్లుడి పోటీకి ఈయన గంట కొట్టడమేమిటని ఎవరైనా అడగొచ్చు. అప్పుడు ఎవరూ అడగలేదు. తర్వాత అందరూ అడిగారు.

ముప్పై ఎనిమిదో పోటీ రాష్ట్ర ఫైనల్. మూడో రౌండు, అదే ఆఖరిది. పాయింట్లలో ఛాంపియన్ ముందున్నాడు, ఇంక కాలక్షేపం చేస్తే చాలు. రౌండు ముగింపుకి వస్తుండగా అవతలి కుర్రాడు కళ్ళు మూసుకుని విసిరిన దెబ్బ ఒకటి దవడకి తగిలింది. ఛాంపియన్ కిందపడ్డాడు. రిఫరీ లెక్కపెట్టడం మొదలెట్టాడు. అక్కడి నియమం ప్రకారం ఆఖరి రౌండులో గంట మోగితే లెక్క అక్కడితో ఆగిపోవాలి, పాయింట్లు చూసి గెలుపు చెప్పాలి. గంట మోగలేదు. రిఫరీ పది అన్నాడు, చేతులు ఊపేశాడు, ఆ తర్వాత గంట మోగింది.

హాలు రెండుగా చీలింది. మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయని సగం మంది, కాలేదని సగం మంది. ఫ్యాను కూడా సరిగ్గా తిరగని ఒక గదిలో సంఘం వాళ్ళు ముగ్గురు కూర్చుని విచారణ జరిపారు. వాచీలాయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. మూడు నిమిషాలకి ఒక్క సెకను కూడా ఎక్కువ కాలేదని ఆయన చెప్పాడు. అంత నెమ్మదస్థుడు అంత స్థిరంగా చెప్పేసరికి వాళ్ళు నమ్మారు. ఓటమి ఓటమిగానే ఉండిపోయింది.

ఊరు నమ్మలేదు. తోడల్లుడి మీద కుళ్ళుతో గంట ఆపేశాడని చెవులు కొరుక్కున్నారు. ‘ఆలస్యం’ అనే పేరు ఆ వారమే పుట్టింది. అక్క ఆ మాట పట్టుకుని చెల్లెలి గుమ్మం ముందుకొచ్చి, నీ మొగుడు ఓర్వలేక చేశాడంది. నీ మొగుడు కిందపడితే మా ఆయన వచ్చి లేపాలా అని చెల్లెలంది. అంతే, రాకపోకలు తెగిపోయాయి. ఆ రోజు నుంచి ఇరవై ఆరేళ్ళు, ఆరు గుమ్మాల దూరంలో, ఒకరినొకరు చూసినప్పుడల్లా పెడమొహం పెట్టుకున్నారు.

ఛాంపియన్ మళ్ళీ రింగు ఎక్కలేదు. అదొక్కటే ఈ కథలో నిజంగా బాధ కలిగించే సంగతి, ఎందుకంటే మిగతాదంతా ఆయనకి బాగానే కలిసొచ్చింది. అన్యాయం జరిగిన మనిషని జాలిపడి ఒక గోదాము యజమాని పిలిచి మేస్త్రీ ఉద్యోగమిచ్చాడు. క్షవరం చేసే ఆయన వరస తప్పించి ముందు కూర్చోబెట్టేవాడు. ఏ ఆటల పోటీ జరిగినా వేదిక మీద ఆయనకొక కుర్చీ తప్పదు. గెలిచిన ముప్పై ఏడు పోటీల్లో ఒక్కదాని గురించి కూడా ఎవరూ అడగరు. అడిగితే ఆయనకే గుర్తుండదేమో. ఆయన్ని ఓడించిన కుర్రాడి పేరైతే వీధిలో ఒక్కరికీ తెలియదు. అందరికీ కావలసింది ఆ ఒక్క ఓటమి, అదీ టీ కొట్టు దగ్గర. అక్కడ ఆ ఆలస్యం మొదట ఐదు సెకన్లుండేది, కొన్నేళ్ళకి అరనిమిషమైంది, ఈ మధ్య ఒకడు గంటని కుర్చీ కింద దాచారని కూడా చెప్పాడు. ఛాంపియన్ మొదట్లో అంత కాదులే అనేవాడు. తర్వాత తర్వాత ఊరికే నిట్టూర్చడం మొదలెట్టాడు. ఏడాదికేడాది ఆ నిట్టూర్పు బాగా కుదిరింది.

ఇటు చెల్లెలు మాత్రం ఒంటికాలి మీద లేచేది. కూరగాయల బండి దగ్గర, దర్జీ కొట్టులో, పిల్లల బడి గేటు దగ్గర, ఎవరు ఆ ఊసెత్తినా వదిలేది కాదు. మా ఆయన చేతిలో కాలం తప్పదు అనేది. అదొక్కటే వాక్యం, ఇరవై ఆరేళ్ళలో ఒక్క అక్షరం మారలేదు. ఆవిడ అలా అంటున్నప్పుడు ఆలస్యం గారు పక్కనే ఉంటే, భూతద్దం కంటికి తగిలించుకుని, ఖాళీ బల్ల మీద ఏదో వెతుక్కునేవాడు.

ఎందుకంటే ఆయనకి సంగతి తెలుసు. ఆ రోజు హాల్లో గోల ఎంతలా ఉందంటే, స్టాప్‌వాచీ ఆడుతోందో ఆగిందో తెలియక ఆయన ఒక్కసారి దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆడుతోంది గానీ కుంటుతోంది. ఒక టిక్కు బరువుగా, తర్వాతి టిక్కు తేలిగ్గా. చక్రం ఇరుసు ఒక పక్క అరిగితే అలా ఉంటుంది. లేక స్ప్రింగు వంగిందా? కళ్ళు మూసుకున్నాడు. రాష్ట్రమంతా ఎదురుచూసిన ఫైనల్లో, సొంత తోడల్లుడు కిందపడి ఉండగా, ఈ మహానుభావుడు ఇరుసా స్ప్రింగా అని తేల్చుకుంటున్నాడు. ఇరుసే అని తేలాక కళ్ళు తెరిస్తే, ముల్లు మూడు నిమిషాలు దాటి నాలుగు గీతలు పోయింది. రిఫరీ చేతులు ఊపుతున్నాడు. ఈయన గంట కొట్టాడు.

అబద్ధం చెప్పానని ఆయన ఎప్పుడూ అనుకోలేదు, అదే విచిత్రం. కుంటుతున్న వాచీ కదా, నాలుగు సెకన్లు అదే ముందుకు పోయి ఉండొచ్చు, అసలు మూడు నిమిషాలు కాకపోయి ఉండొచ్చు అనుకున్నాడు. ఎవరి వాచీలోనైనా నాలుగు సెకన్ల తేడా ఉంటే నిద్రపోని మనిషి, తన విషయంలో ఆ తేడాని ఇరవై ఆరేళ్ళు ఒళ్ళో పెట్టుకుని జోకొట్టాడు.

ఒక శనివారం పొద్దున ఛాంపియన్ కూతురు కొట్టు మెట్లు దిగింది. ఆ పోటీ జరిగినప్పుడు తల్లి కడుపులో ఉన్న పిల్ల, ఇప్పుడు బళ్ళో ఆటల టీచరు. రెండిళ్ళ మధ్యా తిరిగే మనిషి ఆ అమ్మాయి ఒక్కతే. నాన్న వాచీకి సెల్లు మార్చాలన్నా, పిన్ని పంపిన పచ్చడి అమ్మకి తెలియకుండా తినాలన్నా ఆ అమ్మాయే రావాలి. ఊళ్ళో కొత్త బాక్సింగ్ హాలు కడుతున్నారు, గోడ మీద పాత విజేతల పేర్లూ గెలుపోటముల లెక్కా రాయించే పని ఆ అమ్మాయికే వచ్చింది. ఫొటో స్టూడియో మూసేస్తూ పాత టేపులు పారేయబోతుంటే, అందులో ఆ ఫైనల్ వీడియో దొరికింది. దాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకుని తెచ్చింది. ఇంట్లో ఇంకా ఎవరికీ చూపించలేదట.

“నువ్వే లెక్క చూడు బాబాయ్,” అంది. “నువ్వు రైటంటే పిన్ని చెప్పిందే నిజమని అమ్మతో చెప్తాను. తప్పంటే సంఘానికి ఒక ఉత్తరం రాసివ్వు, ఆ ఓటమి కొట్టేసి నాన్న పేరు మీద ముప్పై ఎనిమిదీ గెలుపులే రాయిస్తాను. నువ్వు ఏదంటే అదే.”

ముద్దాయినే జడ్జీ కుర్చీలో కూర్చోబెట్టడమంటే ఇదే. కానీ ఆ పిల్ల ఎగతాళికి అనలేదు, నిజంగానే నమ్మి అడిగింది. ఆలస్యం గారు సొరుగులోంచి స్టాప్‌వాచీ తీసి ఫోన్ ముందుకి వంగాడు.

మూడో రౌండు మొదలయ్యే గంట దగ్గర నొక్కాడు. రింగులో సన్నగా, చురుగ్గా ఉన్న తోడల్లుణ్ణి చూడగానే కళ్ళు చెమర్చాయి, కాసేపు లెక్క మర్చిపోయాడు. మళ్ళీ మొదలెట్టాడు. రెండు నిమిషాల యాభై నాలుగు సెకన్ల దగ్గర ఛాంపియన్ పడ్డాడు. రిఫరీ ఆరు అనేసరికి సరిగ్గా మూడు నిమిషాలు. పది అనేసరికి మూడు నిమిషాల నాలుగు సెకన్లు. అప్పుడు గంట. ఫోన్ నెమ్మదిగా నడుస్తోందేమో అన్నాడు. మూడు వాచీలు పక్కన పెట్టి పరీక్షించాడు, ఫోన్ రవ్వంత కూడా తప్పలేదు. టేపు సాగిందేమో అన్నాడు. వీడియోలో హాలు గోడగడియారం కనపడుతోందని ఆ అమ్మాయి చూపించింది. దాని ముల్లు లెక్కపెట్టాడు. అదే లెక్క. ఇంక ఏ యంత్రం మీద నెపం వెయ్యాలో తోచక ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

సాయంత్రానికి చెప్తానన్నాడు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మొహం చూసి విషయం కనిపెట్టే ఉంటుంది గానీ, పెద్దవాళ్ళని నిలదీసే రకం కాదు.

ఉత్తరం రాయడం ఆయనకి కష్టం కాదు. నాలుగు సెకన్లు ఆలస్యమైందని నాలుగు ముక్కలు రాస్తే సరిపోతుంది, ఊరు ఎలాగూ ఎప్పటి నుంచో అదే అంటోంది, కొత్తగా పోయే పరువేమీ లేదు. కష్టమంతా ఇంట్లో ఉంది. లోకంలో ఆయన మాట నమ్మిన మనిషి ఒక్కతే ఉంది, ఆ నమ్మకం మీద తోడబుట్టిన అక్కని వదులుకుంది. ఉత్తరం సంగతి ఆవిడకి వీధిలో తెలియకూడదు. ముందు తనే చెప్పాలి. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక, ఇంటికి వెళ్ళే దారిలో మందుల షాపు ముందు రెండుసార్లు ఆగాడు. కడుపునొప్పా అని షాపాయన అడిగాడు కూడా.

మధ్యాహ్నం ఆవిడ అన్నం వడ్డిస్తుండగా చెప్పాడు. నీళ్ళు నమిలాడు గానీ మొత్తం చెప్పాడు, చెవి దగ్గర పెట్టుకోవడం, ఇరుసు, నాలుగు గీతలు, విచారణలో తను అన్న మాట, అంతా. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ మాట్లాడకుండా ఉండడం పెళ్ళయ్యాక ఆయన చూడడం అదే మొదటిసారి, దానికంటే తిట్టడమే నయమనిపించింది.

చివరికి, నాతో ఎందుకు చెప్పలేదని అడిగింది.

“విచారణ అయిన సాయంత్రమే చెప్దామనుకున్నాను,” అన్నాడాయన. “ఇంటికొచ్చేసరికి నువ్వు అప్పటికే మీ అక్కతో పోట్లాడేశావు.”

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. “లేటైనందుకు నాకు బాధ లేదు. ఎవరైనా లేటవుతారు. నా చేత అబద్ధం ఆడించారు. ఇన్నేళ్ళు, వీధి వీధంతా, మా అక్క మొహం మీద. పైగా నేను అది నిజమనుకుని ఆడాను.”

ఆయన కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. నువ్వు గట్టిగా అన్నకొద్దీ నాకు చెప్పడానికి భయం పెరిగిందని గొణిగాడు. అది నిజమే గానీ ఆ సమయంలో చెప్పాల్సిన నిజం కాదు. లేవండి అంది ఆవిడ. అన్నం కలిపిన చెయ్యి కడుక్కోనిచ్చింది, చొక్కా గుండీలు పెట్టుకోనివ్వలేదు. ముందు ఆవిడ, వెనక ఈయన, ఆరు గుమ్మాలు దాటి నడిచారు. ఇరవై ఆరేళ్ళలో ఆ వైపు ఆవిడ నడవడం ఎవరూ చూడలేదు కాబట్టి వీధిలో అటూ ఇటూ కిటికీలు తెరుచుకున్నాయి. టీ కొట్టు దగ్గర ఒకడు గ్లాసు పట్టుకునే వెంట వచ్చి, గుమ్మం దాకా వెళ్ళే ధైర్యం లేక మధ్యలో ఆగిపోయాడు.

తలుపు అక్కే తీసింది. చెల్లెల్ని చూసి పక్కకి తప్పుకుంది, రమ్మనలేదు, వద్దనలేదు. ఛాంపియన్ కిటికీ పక్కన పేపరు చదువుతున్నాడు, కూతురు పక్కనే ఉంది. ఇరవై ఆరేళ్ళలో తోడల్లుళ్ళు ఎదురుబొదురు నిలబడడం అదే మొదటిసారి. చెల్లెలు మొగుడి మోచెయ్యి పట్టుకుని గది మధ్యలోకి తోసింది.

“అన్నయ్యా, నేను నాలుగు సెకన్లు లేటు చేశాను,” అన్నాడు ఆలస్యం గారు. “వాచీ చెవి దగ్గర పెట్టుకుని వింటూ ఉండిపోయాను. తెలిసి కూడా తెలియనట్టు చెప్పాను. ఉత్తరం రాసిస్తాను. ఆ పోటీ నువ్వు గెలిచావు.”

అక్క మొహం వెలిగిపోయింది. చెప్పానా, నేను చెప్పానా అని మొదలెట్టింది. పాపం, ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చి ఉంటాయి. కానీ మొగుడి వైపు చూసి ఆగిపోయింది. ఛాంపియన్ పేపరు మడుస్తున్నాడు. మడిచిందే మడుస్తున్నాడు, ఇంక మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యేదాకా మడిచాడు. అలాంటి వార్త విన్న మనిషి ఎగిరి గంతెయ్యాలి, లేదా తోడల్లుడి చొక్కా పట్టుకోవాలి. ఆయన రెండూ చెయ్యలేదు.

ఉత్తరం వద్దు అన్నాడు. ఎందుకని కూతురు అడిగింది. అప్పుడాయన కూతురి వైపు కాకుండా తోడల్లుడి వైపు తిరిగాడు.

“ఆ దెబ్బకి నాకేం కాలేదు తమ్ముడూ. మూడు అనేసరికే తెలివొచ్చింది. ఆరు అనేసరికి మూడు నిమిషాలూ అయిపోయాయని నాకు తెలుసు, కళ్ళు మూసుకున్నా తెలుసు, నువ్వు నేర్పిందే కదా. ఇంక లేవడమెందుకు, ఇప్పుడు తమ్ముడు గంట కొడతాడని పడుకున్నాను. ఏడన్నాడు. ఎనిమిదన్నాడు. గంట రాలేదు. తొమ్మిది దగ్గర లేవబోయాను. లేచేలోపే పదన్నాడు.” మడిచిన పేపరు కిటికీ గట్టు మీద పెట్టాడు. “ఆరు దగ్గరే లేవగలిగి లేవలేదు. దాన్ని గెలుపని ఎలా రాయించుకోను?”

లేవలేకపోయాడనీ, టైము అయిపోయాక గంట కొట్టారనీ ఊరంతా ఏడ్చిన ఓటమి అది. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. నిట్టూర్చి ఊరుకున్నాడు, ఉద్యోగం తీసుకున్నాడు, వేదిక మీద కుర్చీలో కూర్చున్నాడు. చెవి దగ్గర గడియారం పెట్టుకుని ఒకడు, ఒంట్లో గడియారం పెట్టుకుని ఇంకొకడు, ఇద్దరూ కలిసి ఆ నాలుగు సెకన్లు పోగొట్టుకున్నారు.

అక్క మెల్లిగా బెంచీ మీద కూర్చుంది. మొగుడి వైపు చూసింది, తర్వాత మరిది వైపు చూసింది. ఇద్దర్లో ఎవర్ని ముందు తిట్టాలో తేలక వదిలేసినట్టుంది.

బోర్డు మీద ఏం రాయమంటారని కూతురు నెమ్మదిగా అడిగింది. తండ్రి నోరు తెరిచేలోపు తల్లే చెప్పింది.

“ముప్పై ఏడు గెలిచాడు, ఒకటి ఓడాడు అని రాయి.”

ఛాంపియన్ తలూపాడు. అలాగే రాశారు, ఇప్పటికీ కొత్త హాల్లో కుడిచేతి గోడ మీద ఉంది. ఓటమి కొట్టేయించుకునే అవకాశం చేతిదాకా వచ్చి వదులుకున్న మనిషని పిల్లలు ఆయన్ని ఇంకొంచెం ఎక్కువ గౌరవంగా చూస్తారు, ఆయనకి అది ఇబ్బందిగానే ఉంటుంది. ఎవరైనా జాలిగా మాట కదిపితే నిట్టూర్చడం మానేసి, లేవాల్సింది, లేవలేదు అంటాడు. వీధి మాత్రం నమ్మలేదు. తోడల్లుళ్ళు ఏకమై కథ మార్చారని టీ కొట్టు దగ్గర తేల్చారు. ఆలస్యం గారికి ఆ పేరూ పోలేదు, అయితే ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే భూతద్దం కోసం వెతుక్కోకుండా, నాలుగు సెకన్లండీ అని లెక్క చెప్తున్నాడు.

అదంతా తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం ఆ గదిలో చెల్లెలు ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అందరూ మాట్లాడారు, వీధి వీధంతా నోరేసుకుని గెలిచిన ఆవిడ ఒక్కతే మాట్లాడలేదు. మొగుడిది తప్పని ఒప్పుకోవడానికి వచ్చింది, తీరా వస్తే అటు కూడా తప్పే ఉంది. ఇంక ఎవరి తరఫున పోట్లాడాలి? చెంగుతో మొహం తుడుచుకుంది.

“అమ్మ పోయినరోజు నీ పక్కన కూర్చుని ఏడవాలనిపించిందక్కా,” అంది. “నువ్వు తల దగ్గరున్నావు, నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి కదిలి నీ దగ్గరికి వస్తే మా ఆయనది తప్పని ఒప్పుకున్నట్టవుతుందని రాలేదు.”

“నేను చూశాను,” అంది అక్క. “నువ్వు వస్తావేమోనని పక్కన చోటు ఉంచాను.”

ఆ మాట అంటూనే బెంచీ మీద కొంచెం జరిగింది. చెల్లెలు వచ్చి కూర్చుంది. తల్లి పోయి పంతొమ్మిదేళ్ళయింది, ఆ ఏడుపు ఇద్దరూ ఇప్పుడు ఏడ్చారు. తోడల్లుళ్ళిద్దరూ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చాలాసేపటి దాకా ఆడవాళ్ళిద్దరూ వాళ్ళ వైపు తిరగలేదు.